తెల్ల గుర్తు చెట్టు

మా బావని పనిలో అందరూ ఉడుత అని పిలిచేవారు. నేను మామూలుగా బావా అనేవాణ్ణి, కోపం వస్తే ఉడుతా అనేవాణ్ణి. ఇప్పుడు ఎంత కోపం వచ్చినా ఆ పేరు నోటికి రావడం లేదు. నాకు కోపం ఎక్కువని మా అక్క అంటుంది. ఆవిడ నా గురించి అనేవాటిలో నేను ఒప్పుకునేది అదొక్కటే.

మేమిద్దరం మునిసిపాలిటీ చెట్ల విభాగంలో పనిచేసేవాళ్లం. రోడ్ల పక్కన, బడుల్లో, ఆసుపత్రుల్లో ఉన్న చెట్లకు కొమ్మలు కొట్టడం, పడిపోయేలా ఉన్నవాటిని ముందే పడగొట్టడం మా పని. ఆయన పైన, నేను కింద. ఆయన నడుముకు కట్టిన తాడు ఒక గట్టి కొమ్మ మీదుగా దిగి నా చేతుల్లోకి వచ్చేది. ఆయన కాలు జారితే తాడు బిగబట్టి నిలబెట్టాల్సింది నేనే. "నీకు పెళ్లి చేసింది నాన్నే కావచ్చు, నీ కాపురం నిలబెడుతున్నది మాత్రం నేను" అని అక్కతో అంటుండేవాణ్ణి. "తాడొదిలేసి సిగరెట్టు వెలిగించుకునే మొహం నువ్వూనూ" అనేది. అలా ఒక్కసారే చేశాను. ఆ ఒక్కసారీ ఆవిడ కంటబడింది.

అక్క కుట్టుమిషను పెట్టుకున్నది పెద్దాసుపత్రి గేటు పక్కన, నిద్రగన్నేరు చెట్టు కింద. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగంమందికి ఎదురుచూడటం తప్ప పనుండదు. అలా కూర్చున్నప్పుడే చిరిగిన సంచీ, ఊడిన గుండీ గుర్తొస్తాయి. లోపల బిడ్డ పుట్టిందని తెలియగానే ఒక తాతో అమ్మమ్మో పరుగున వచ్చి చిన్న చొక్కా కుట్టమంటారు. రోగుల గౌన్లకు తాళ్లు కుట్టడం, దిండు గలీబులు బాగుచేయడం కూడా అక్కకే ఇచ్చేవారు. ఆ గోడ పడమటి ఎండకు కాగిపోయేది. చెట్టు లేకపోతే దాని పక్కన కుక్క కూడా పడుకోదు. నీడ ఉంటే అక్కకి కొట్టు ఉన్నట్టు, నీడ పోతే పోయినట్టు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆ చెట్టుకు ఏటా గాలివానల కాలానికి ముందు కొమ్మలు కొట్టేది బావే. ఎంత కొట్టాలో, ఎక్కడ ఆపాలో ఆయనకి ఒక పద్ధతి ఉండేది. గేటు మీదికి, కరెంటు తీగల మీదికి వంగిన కొమ్మలు తీసేవాడు, మిషను మీద నీడ పడేవైపు ఆకు కూడా రాలనిచ్చేవాడు కాదు. "ఈ చెట్టుకి క్షవరం నేనే చేయాలి. వేరేవాడు చేస్తే మీ అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు" అనేవాడు.

ఇక్కడ ముళ్ల సంగతి చెప్పాలి. మా పనిలో ముళ్లంటే ఇనుప కమ్మీలు. పిక్క లోపలివైపు నించి పాదం కిందిదాకా వస్తాయి. మోకాలి కింద ఒక తోలుపట్టీ, చీలమండ దగ్గర ఒక తోలుపట్టీ. పాదం పక్కన వేలంత పొడుగు మొన ఉంటుంది. దాన్ని మానులో గుచ్చి, ఆ కాలి మీద నిలబడి, రెండో కాలు గుచ్చి, అలా పైకి పోతారు. గుర్రపు రౌతులు కూడా మడమలకు ముల్లు కట్టుకుంటారని మా మేస్త్రీ చెప్పేవాడు. వాళ్లది గుర్రాన్ని పరిగెత్తించడానికి, మాది కదలకుండా నిలబడటానికి. పోలిక ఒక్కటే, పొడిపించుకునేది నోరు విప్పి చెప్పుకోలేదు.

ముల్లు దిగిన ప్రతిచోటా చెట్టుకు గాయమవుతుంది. అందుకే మా షెడ్డులో ఒక కట్టుబాటు. తెల్ల సున్నం గుర్తు వేసిన చెట్టు బతకాల్సిన చెట్టు, దాన్ని తాడుతోనే ఎక్కాలి. ఎర్ర రంగు గుర్తు వేస్తే పడగొట్టాల్సింది, దానికే ముళ్లు. మేస్త్రీ వాటిని తన గదిలో మేకుకు తగిలించి, ఎర్ర గుర్తు పనికి మాత్రమే చేతికిచ్చేవాడు. తెల్ల గుర్తు చెట్టు మీద ముల్లు కన్నం కనబడితే ఎక్కినవాడికి మర్నాటినించి పని లేదు. ఇందులో తాతలనాటి నమ్మకాలేమీ లేవు. తన పనివాడు కన్నాలు పెట్టిన చెట్టొకటి బడి పిల్లల మీద విరిగి పడబోవడం మేస్త్రీ కళ్లారా చూశాడు.

తాడుతో ఎక్కడమంటే ఒళ్లంతా పనే. చేతులతో లాగాలి, పాదాలతో మానును తన్ని పైకి నెట్టుకోవాలి. బావ కాళ్లు అందుకే పుట్టినట్టుండేవి. అసలాయన ఈ విభాగంలో చేరింది ఆకులు ఊడ్చే పనికి. పెళ్లయిన కొత్తలో అక్క ఒకనాడు పదిమందిలో ఎత్తిపొడిచింది. "మీ ఆయన ఏం చేస్తాడని అడిగితే చెట్ల విభాగం అంటాను. చెట్లెక్కుతాడా అంటారు. లేదండీ, చెట్ల కింద ఊడుస్తాడని చెప్పుకోవాలా?" అంది. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆ వారమే మేస్త్రీని బతిమాలి తాడు నడుముకి కట్టుకున్నాడు. మా అక్క మాట ముల్లుకర్ర లాంటిది. పొడవడం ఒక్కసారే పొడుస్తుంది, అది చాలు.

అలా ఎక్కినవాడు చాలాకాలం పైనే ఉన్నాడు. ఆ తర్వాత మడమ నొప్పి మొదలైంది.

పొద్దున మంచం దిగి కాలు నేల మీద మోపితే చాలు, పళ్లు బిగబట్టేవాడు. కాసేపు గోడ పట్టుకు నడిచాక సర్దుకునేది. "రాత్రి కాలు మెలిక పడింది" అని అక్కతో రోజూ అదే అబద్ధం. నేనే బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్సరే ఫిల్మును దీపం ముందు పెట్టి చూపించాడు. మడమ ఎముక అడుగున, కోడిపుంజు కాలికి ఉన్నట్టు, కొక్కెంలాంటి ముల్లొకటి మొలిచింది. ఎగరడం, తన్నడం, ఎక్కడం మానుకోమన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక బావ అన్నాడు. "చూశావా, ఇన్నాళ్లూ ఇనపది కట్టుకున్నాను, ఇప్పుడు సొంతంగా మొలిచింది. మేస్త్రీకి చెప్పకు, ఆ ఇనపవి ఇక నీకెందుకంటాడు."

"మేస్త్రీకి చెప్పకపోతే మానె, అక్కకి చెప్పు. కింద పని అడుగు."

"కింద పనంటే ఆకులు ఊడ్చడమేగా?"

"అయితే ఏం?"

"ఏం లేదు. నువ్వు నోరు మూసుకో."

నాకు కడుపు మండింది. ఎప్పుడో అన్న మాట అక్కకి గుర్తు కూడా ఉండదు, ఈయన మాత్రం దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. మగవాళ్ల బెట్టు సంగతి నాకూ తెలుసు, నాకూ ఉంది. కానీ ఎముకలో మొలిచినదాని ముందు బెట్టేంటి?

ఆ ఏడు నిద్రగన్నేరు వంతు వచ్చింది. అక్క ఆ రోజు మిషను ఇంట్లోనే ఉంచేసింది. మేస్త్రీ ఉదయమంతా వేరే వీధిలో, బడి దగ్గర పని చూసుకుంటున్నాడు. నేను తాడు చిక్కులు తీసుకుని వెనక్కి తిరిగేసరికి బావ గోడవార కూర్చుని పట్టీలు బిగిస్తున్నాడు. షెడ్డులోవి కావు. ఎవరో కమ్మరి చేత చేయించుకున్న పాత జత.

"బావా, అది తెల్ల గుర్తు."

"కనబడుతోంది."

"మరి కాళ్లకవేంటి?"

"చెప్పులు."

"మతి పోయిందా నీకు? మేస్త్రీ చూశాడంటే?"

"ఒరేయ్, తాడు మీద తన్ని ఎక్కడం నావల్ల కాదురా. తన్నిన ప్రతిసారీ ప్రాణం పోతోంది. వీటి మీదైతే బరువంతా కమ్మీ మోస్తుంది." అని, గొంతు తగ్గించాడు. "నేనెక్కకపోతే ఇంకెవరెక్కుతారు చెప్పు? అవతలి గుంపు. వాళ్లు కొమ్మలు కొడతారా, గుండు కొడతారా? మీ అక్క ఎండలో కూర్చుంటుంది, నీకిష్టమేనా?"

అవతలి గుంపంటే మా విభాగంలోనే ఇంకో జట్టు. వాళ్లు కొట్టిన చెట్లు వీధిలో దీపస్తంభాల్లా నిలబడి ఉండటం నేనూ చూశాను. తాడు అందుకున్నాను. ఆయన కాలు ఎత్తి గుచ్చిన ప్రతిసారీ ఠక్కుమని చప్పుడయ్యేది. దిగి వచ్చాక చూస్తే మాను పొడుగునా రెండు వరసల్లో చిన్న కన్నాలు. వాటి అంచుల్లో తేనె రంగు జిగురు ఊరుతోంది.

మేస్త్రీ రెండు రోజుల తర్వాత పని చూడటానికి వచ్చాడు. ఆయన చెట్టు చుట్టూ తిరిగాడు. చెయ్యి వేసి మానును నిమిరాడు. తల ఎత్తి చూశాడు. ఆయన కళ్లు మసకబారి అప్పటికే చాలా కాలం, పైదాకా ఆనవు. చూపు ఆనినంత మేర మాను శుభ్రంగా ఉంది. "బాగా చేశావయ్యా ఉడుతా" అని, అక్క స్టూలు మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టించుకుని మరీ వెళ్లాడు.

మేమిద్దరం ఆశ్చర్యపోయాం. "నిద్రగన్నేరు తొందరగా మానుతుంది కాబోలు" అన్నాడు బావ. "మానితే రెండు రోజుల్లోనా?" అన్నాను. "మానింది కదా, నీకేం నొప్పి?" అన్నాడు. మనసు తేలిక పడితే మనిషి ఇక ప్రశ్నలడగడు. మరుసటి ఏడు ఇంకా ధైర్యంగా ముళ్లు కట్టుకున్నాడు. అప్పుడూ కన్నాలు ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాత ఏడాదికి చెట్టు నీరసించింది. ముందు మిషను వైపు ఆకు పలచబడింది. అక్క స్టూలు అటూ ఇటూ జరుపుకుంటూ నీడ వెతుక్కునేది. ఒక మధ్యాహ్నం గాలి లేకుండానే పెద్ద కొమ్మ విరిగి అంబులెన్సు దారికి అడ్డంగా పడింది. ఎవరికీ తగల్లేదు. కానీ ఆఫీసరు వచ్చాడు. సుత్తితో మానును కొట్టుకుంటూ చుట్టూ తిరిగాడు. కింది భాగంలో ఖాళీ డబ్బాను కొట్టినట్టు డొల్ల చప్పుడు. వెంట ఉన్నవాణ్ణి పిలిచి ఎర్ర రంగు వేయించాడు.

అక్క ఒంటికాలి మీద లేచింది. "నిక్షేపంలాంటి చెట్టండీ! ఆ పక్క పూత కూడా పట్టింది, కళ్లు కనబడటం లేదా?"

"లోపల పుచ్చిపోయిందమ్మా. జనం తిరిగే చోటు. రేపు ఎవరి మీదైనా పడితే ఎవరిది పూచీ?"

"మందు వేయండి. మనుషులకి వేయడం లేదూ ఇక్కడ?"

ఆఫీసరు చెడ్డవాడు కాదు. అక్క అరుస్తున్నంతసేపూ తల వంచుకుని నిలబడి, అయ్యాక వెళ్లిపోయాడు. అప్పుడు అక్క బావ వైపు తిరిగింది. "మీరైనా చెప్పచ్చుగా? ఆ చెట్టు గురించి మీకు తెలిసినంత వీళ్లకి తెలుసా?" అంది. ఎర్ర రంగు ఇంకా తడిగా మాను మీదినించి కారుతోంది. బావ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తన ముళ్ల వల్లే చెట్టు చస్తోందని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. మాకు తెలియనిది ఇంకొకటి ఉందని అప్పటికి తెలియదు.

పడగొట్టే పనికి అవతలి గుంపును పంపుతానన్నాడు మేస్త్రీ. బావ ఒప్పుకోలేదు. "దానికి కడదాకా నేనే చేస్తాను" అన్నాడు. నేను వద్దని మొత్తుకున్నాను, చెవిన వేసుకోలేదు. ఆ రోజు మేస్త్రీ మేకు మీదినించి ముళ్లు తీసి తన చేత్తో ఇచ్చాడు. ఆ చెట్టుకు మొదటిసారి దొంగతనం లేకుండా ముళ్లు కట్టుకున్నాడు బావ.

నిలువునా పడగొట్టడానికి గేటు దగ్గర చోటు లేదు. అందుకని పైనించి ముక్కలుగా కోస్తూ, ఒక్కో ముక్కనూ తాడుతో దింపుతూ రావాలి. అక్కని ఇంట్లోనే ఉండమన్నాం. ఎదుటి అరుగు మీద వచ్చి కూర్చుంది. మిషను కూడా తెచ్చుకుని పక్కన పెట్టుకుంది, దానిమీద గుడ్డ కప్పే ఉంది.

బావ సగం పైకి వెళ్లి ఆగిపోయాడు. మాను మీదికి మొహం వంచి ఏదో చూస్తున్నాడు.

"ఏంటి బావా? నొప్పా?"

"కాదు. నా కన్నాలు." అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు. "మానిపోయాయిరా. బొడ్డుల్లా ముడుచుకుని గట్టిగా ఉన్నాయి. ఇక్కడ చెక్క రాయిలా ఉంది. మరి పుచ్చు ఎక్కడినించి వచ్చినట్టు?"

"ముందు పని కానీయ్. తర్వాత చూద్దాం."

కొమ్మలన్నీ అయ్యాయి. మాను పై భాగం ముక్కలుగా దిగింది. కోత మొహాలు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఇలాంటి చెట్టునా కొట్టేస్తున్నాం అని నాకే అనుమానం వచ్చింది. కింద ఇద్దరు మనుషుల ఎత్తు మిగిలింది. పైన తాడు వేయడానికి ఇక కొమ్మంటూ లేదు. ఎక్కేటప్పుడు సగం బరువు తాడు మోసింది, ఇప్పుడు మొత్తం ముళ్ల మీదే. బావ నడుము పట్టీని మాను చుట్టూ తిప్పి కట్టుకున్నాడు. రంపాన్ని కిందికి పంపి, ఇంకొంచెం దిగడానికి ఎడమ కాలు గుచ్చాడు.

ఠక్కుమన్న చప్పుడు రాలేదు. తడి రొట్టెలో వేలు పెట్టినట్టు కాలు లోపలికి దిగబడిపోయింది. బెరడు పెళ్లలా ఊడింది. ఆయన పట్టీతో సహా మాను వెంట జారాడు, చేతులతో దొరికినదల్లా పట్టుకుంటూ జారాడు. నా చేతిలో పనికొచ్చే తాడు లేదు. ఇన్నేళ్లూ నిలబెట్టినవాణ్ణి ఆ క్షణంలో ఉత్తి చేతులతో చూస్తూ నిలబడ్డాను. కిందికొచ్చేసరికి ఒక కాలి ముల్లు రెండో కాలి పిక్కలో మొదలంటా దిగి ఉంది.

అక్క ఎదుటి అరుగు మీదినించి ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో నాకు తెలియదు. అప్పటికే మనుషులు మూగి స్ట్రెచరు తెచ్చారు. ఆసుపత్రి గేటులోనే పడ్డందుకు ఆ మాత్రం సుఖం. స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే బావ బిగించిన గుప్పిలి నా చేతిలో పెట్టి తెరిచాడు. నల్లగా చీకిన చెక్కపొట్టులో తడి గుడ్డపీలికలు. ఒకటి ఆకుపచ్చది, రోగుల గౌన్ల రంగు. ఒకటి చిన్న చిన్న బాతుబొమ్మలున్న మెత్తని గుడ్డ, అప్పుడే పుట్టిన పిల్లల చొక్కాలది. ఒకటి ఖాకీ, బావ పాత పనిప్యాంటుది.

"మీ అక్కకి చెప్పావంటే చంపుతాను" అన్నాడు. నొప్పితో పెదాలు తెల్లబడ్డాయి, ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు.

నేను చెట్టు దగ్గరికి తిరిగి వెళ్లాను. ఊడిన బెరడు కింద, అక్క స్టూలెక్కి చెయ్యి చాస్తే అందేంత ఎత్తువరకూ, ప్రతి కన్నంలోనూ గుడ్డ ఉంది. కత్తెర మొనతో లోపలికి కుక్కి, మీద కొవ్వొత్తి మైనం పోసి, బెరడు రంగు కలిసేలా మట్టి పూసింది. ఎంత ఓపిగ్గా చేసిందో! చొక్కాకి కాజాలు కుట్టినంత శ్రద్ధగా. మైనం పగిలినచోటల్లా ఆ గుడ్డలు వానకి నీళ్లు తాగి, ఆ నీటిని బయటికి పోనివ్వకుండా లోపలే పట్టి ఉంచాయి. గాలి తగిలిన పై కన్నాలు ఎండి మానిపోయాయి. అక్క చెయ్యి అందిన కన్నాలే కుళ్లిపోయాయి.

నాకు దొరికిన పీలికలన్నీ ఏరి నా తువ్వాల్లో మూటగట్టాను. మిగిలిన మొద్దును మేస్త్రీ మనుషులు నేలమట్టంగా కోసేశారు. ఆ సాయంత్రం షెడ్డు వెనక ఆ మూట కాల్చడానికి చూస్తే, తడికి అంటుకోలేదు. గోతిలో పూడ్చిపెట్టాను.

ముల్లుతోపాటు పుచ్చు చెక్క, కుళ్లిన గుడ్డ కూడా పిక్కలోకి వెళ్లింది. చీము పట్టింది. మందులకు లొంగలేదు. పైకి పాకుతోందని చెప్పి, మోకాలి కిందినించి కాలు తీసేశారు. మడమలో ముల్లు మొలిచిన కాలే అది. మెలకువ వచ్చాక బావ దుప్పటి చదునుగా పడిన చోటు చూసుకుని, "పోన్లే, మడమ నొప్పి పీడ వదిలింది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నవ్వనందుకు ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన మంచం కిటికీ పక్కన. ఆ కిటికీలోకి ఇదివరకు నిద్రగన్నేరు నీడ పడేది. ఇప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి ఎండ నేరుగా మంచం మీదికి వచ్చేది. అక్క చీర కొంగు చాచి ఆయన మొహానికి అడ్డం పట్టి కూర్చునేది. ఒకనాడు అలా కూర్చునే అడిగింది.

"ఏమండీ, అది పురుగేనా?"

"ఏది?"

"చెట్టుకి పట్టింది."

బావ నా వైపు చూడకుండా, "పురుగే" అన్నాడు.

అక్క కిటికీలోంచి చెట్టు ఉండిన చోటు వైపు చూసింది. "నాకు తెలుసండీ, మీరు ముళ్లతో ఎక్కారని. ఆ మర్నాడే చూశాను, జిగురు కారుతోంది. మేస్త్రీ చూస్తే మీ పని పోతుందని గుడ్డలు కుక్కాను. పురుగు కూడా దూరదు కదా అనుకున్నాను. మిమ్మల్ని అడిగితే సిగ్గుపడతారని అడగలేదు. కాలు నొప్పని కూడా తెలుసు. రోజూ మెలిక పడే కాలు ఎక్కడైనా ఉంటుందా?"

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పేయాలనిపించింది. ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించింది. నొప్పి ఉందని ఈయన ఒక్క మాట అంటే, తెలుసని ఈవిడ ఒక్క మాట అంటే, చెట్టూ ఉండేది, కాలూ ఉండేది. ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఇంతదాకా తెచ్చుకున్నారు.

బావ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయినప్పటినించి నా ఎదుట ఎప్పుడూ అలా పట్టుకోలేదు. "నువ్వు మూసినవన్నీ చక్కగా మానిపోయాయే. నేను దగ్గరగా చూశాగా. పైన నీ చెయ్యందని చోటే పురుగు దూరింది. అక్కడినించి లోపలికి దిగింది" అన్నాడు.

ఎంత అందంగా అబద్ధమాడాడో! నిజాన్ని తలకిందులు చేసి, ముళ్లన్నీ తనవైపు తిప్పుకుని, ఆవిడకి మెత్తటి వైపు ఇచ్చాడు. అక్క మొహం తేటపడుతుందని ఆయన చూశాడు. నేనూ చూశాను.

అక్క మొహం మాడిపోయింది.

"నిచ్చెన షెడ్డులోనే ఉందిగా" అంది నెమ్మదిగా. "తమ్ముణ్ణి అడిగితే తెచ్చిపెట్టేవాడు. ఎందుకంటాడోనని అడగలేదు. ఇంకాస్త పైకి ఎక్కి మూసి ఉంటే మీ కాలు ఉండేది."

బావ దగ్గర ఇంకో అబద్ధం ఉంటే ఆడేవాడే. దొరకలేదు.

ఇప్పుడు అక్క ఆసుపత్రి ఆవరణలో, వెనక గోడ దగ్గరున్న ఇంకో చెట్టు కింద మిషను పెట్టుకుంది. అటు జనం అంతగా రారు. బావ పక్కనే కుర్చీలో కూర్చుని, కుట్టిన చొక్కాలకు గుండీలు వేస్తుంటాడు. ఆ చెట్టుకు ఎవరెవరో ఎప్పుడో బోర్డులు కొట్టి పీకేసిన మేకుల కన్నాలున్నాయి. అక్క ఆసుపత్రి వాళ్లని అడిగి నిచ్చెన తెప్పించుకుంది. తీరిక దొరికినప్పుడల్లా నిచ్చెనెక్కి, పై కొమ్మల దాకా, కనబడిన ప్రతి కన్నంలోనూ గుడ్డ కుక్కి మైనం పోస్తోంది. "ఈసారి ఒక్కటి కూడా వదలను" అంటుంది. కింద నిచ్చెన కదలకుండా నేను పట్టుకోవాలి.

ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్లగానే నేను అదే నిచ్చెనెక్కి, ఆ గుడ్డలు ఒక్కొక్కటే పీకేస్తాను. బావ తలెత్తి చూస్తాడు. చూసి, మళ్లీ గుండీలు కుట్టుకుంటాడు.